కొట్టివేత

పుస్తకం పాతది.
ఒంగోలులో బండి మీద అరవై రూపాయలకి కొన్నా.
చట్టం మారింది, పుస్తకం మారలేదు.
అందుకని ఒక్కో నంబరూ పెన్సిలుతో కొట్టేసి
పక్కన కొత్తది రాసుకుంటున్నా.
ఎఫ్ఐఆర్ నూట యాభై నాలుగు కాదు, నూట డెబ్బై మూడు.
దొంగతనం మూడొందల డెబ్బై తొమ్మిది కాదు, మూడొందల మూడు.
పరువు నష్టం నాలుగొందల తొంభై తొమ్మిదిలో ఉండేది,
మూడొందల యాభై ఆరుకి కాపురం మార్చింది.

కందుకూరులో రాత్రి పదకొండు.
వేలం కేంద్రం నుంచి లారీలు కదులుతుంటే
పొగాకు ఘాటు కిటికీలోంచి వచ్చి
పేజీల మధ్య కూర్చుంటోంది.
రేపు ఒంగోలులో మూడో పేపరు:
పత్రికా చట్టాలు, న్యాయస్థాన ప్రక్రియ.
"నలభై ఏళ్లకి నీకీ పరీక్షలేంది" అని
మా ఆయన నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

ఆరోపణ, అభియోగం, నేర నిరూపణ:
వీటి మధ్య తేడా వివరింపుము. పది మార్కులు.

తెల్ల కాగితం మీద రాసి చూసుకుంటున్నా.
ఆరోపణ అంటే ఒకరు అన్న మాట.
అభియోగం అంటే కోర్టు చదివి వినిపించి
ఒప్పుకుంటావా అని అడిగే మాట.
నిరూపణ అంటే

అక్కడ ఆగా.

సింగరాయకొండ రోడ్డులో
మోటార్లకి వైండింగ్ చేసే చేజర్ల బాలకోటయ్య.
ఆ రోజు స్టేషన్లో ప్రెస్ మీట్. అందరికీ టీ ఇచ్చారు.
బల్ల మీద ఏడు బోరు మోటార్లు, తడి మట్టి ఆరకుండానే.
బల్ల వెనక ముసుగేసుకుని ఒక మనిషి.
ముసుగు వాళ్లేశారు, నేను తీశా:
పేరు, తండ్రి పేరు, వీధి, వయసు.
"మోటార్లు కొట్టేసిన మెకానిక్" అని రాశా.
హెడ్డింగు అదిరిందన్నారు డెస్కులో.
అప్పట్లో మాకు సెంటీమీటరు లెక్కన డబ్బులు.
పాప స్కేలు తీసుకుని కొలుచుకున్నా,
పదకొండు.

"అని పోలీసులు తెలిపారు" అని చేరిస్తే పోయేది.
మూడు మాటలు.
అర సెంటీమీటరు ఎక్కువే వచ్చేది కూడా.

మూడేళ్లకి, ఏదో చెక్కు బౌన్సు కేసు కోసం
కోర్టు వరండాలో నిలబడి ఉన్నా.
అటెండరు మూడుసార్లు కేకేశాడు ఆ పేరు.
చేతులు కట్టుకుని నా పక్క నుంచే లోపలికెళ్లాడు.
రాగి తీగ చుట్టే వేళ్లు కదా,
వార్నిష్ మరక ఒక్కటైనా లేదు.
శుభ్రంగా ఉన్నాయి.
నేరం రుజువు కాలేదన్నారు. కేసు కొట్టేశారు.
నిమిషం కూడా పట్టలా.

పంపించా, నాలుగు లైన్లు.
"కేసు కొట్టేస్తే వార్తేందమ్మా, శిక్ష పడితే చెప్పు"
అని అదీ కొట్టేశారు.
నేను మళ్లీ అడగలా.

మినహాయింపులు బట్టీ పడుతున్నా.
ప్రజల మేలు కోరి చెప్పిన నిజం నేరం కాదు.
కోర్టులో జరిగింది జరిగినట్టు రాస్తే నేరం కాదు.
జరిగింది రాయకపోతే?
రెండుసార్లు తిరగేశా. చివర సూచిక కూడా చూశా.
ఏమీ లేదు.

మొన్న ఎండల్లో మా బోరు మోటారు కాలింది.
బాలకోటయ్య దగ్గరికి తీసుకుపో అన్నా.
మా ఆయన మోటారు బండి మీద కట్టుకుంటూ
తాడు ముడి మీంచి తలెత్తి చూశాడు:
"ఆడు దొంగ గదా. నువ్వే గదా రాసింది."
టంగుటూరు తీసుకుపోయి చేయించుకొచ్చాడు.

ఒంటిగంట కావస్తోంది.
ఐదున్నర బస్సు ఆ రోడ్డు మీదే పోతుంది.
నిరూపణ పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.
పాత డైరీ తీశా. ఆ నాలుగు లైన్లు
నా చేతిరాతలో అట్టాగే ఉన్నాయి.
పాప ఇప్పుడు ఇంజనీరింగు, స్కేలు మాత్రం ఇంట్లోనే ఉంది.

కొలిచి చూశా.
అచ్చయితే
రెండున్నర సెంటీమీటర్లు.